తలుపు దగ్గర మనిషి

ఫిబ్రవరి 3

మా ఆయన స్కూల్లో పరీక్షలకు మిగిలిన తెల్లకాగితాల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పడేశారు. "నీ సందేహాలన్నీ ఇందులో రాసుకో. నాకు పిల్లలవే బోలెడు" అన్నారు. రాసుకుంటే సందేహాలు తగ్గుతాయని ఎక్కడో చదివాను. ఒక పేజీ రాసి చూశాక తెలిసింది, తగ్గవు. వరుసలో నిలబడతాయి, అంతే. ఆ పేజీ చింపేశాను. ఇది రెండోది.

అగ్నిమాపక కేంద్రంలో పరిపాలనాధికారిగా చేరి ఈ రోజుకి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో నేను దగ్గరగా చూసిన మంట మా వంటింటి పొయ్యి ఒక్కటే. కింద షెడ్డులో బళ్ళు, పైన గదిలో నేను. గంట మోగితే కింద వాళ్ళు పరిగెడతారు. నేను లేచి కిటికీ మూస్తాను, దుమ్ము రాకుండా.

ఫిబ్రవరి 6

మా శాఖ ఖర్చులు చూసే ఆర్థిక సంఘం నుంచి లేఖ. "గత మూడు నెలల్లో ఎక్కడా నిప్పంటుకోని రోజులు డెబ్బై ఒకటి. ఆ దినములలో సిబ్బంది ఏమి చేసినదీ వివరించవలెను."

చాలాసేపు ఆలోచించి, "ఎదురుచూశారు" అని రాసి పంపాను. అబద్ధం కాదు కదా.

ఫిబ్రవరి 11

జవాబు వచ్చేసింది. ఈ సంఘం ఇంత త్వరగా దేనికీ జవాబివ్వగా నేను చూడలేదు. "ఎదురుచూచు పనిని సగము మందితో నిర్వహించు అవకాశమును పరిశీలించవలెను."

సంతకం అధ్యక్షుడిది. ఆయన్ని మా కేంద్రంలో అందరూ పొదుపుగారు అంటారు. నోరు తెరిస్తే పొదుపు. ఒకసారి తనిఖీకి వచ్చి, గొట్టాల్లో నీళ్ళు అంత జోరుగా ఎందుకు వదులుతున్నారని అడిగాడు.

ఫిబ్రవరి 14

అసలు ఉత్తరం ఇవాళ వచ్చింది. నిబంధన ప్రకారం బండికి నలుగురుండాలి. నలుగురు లేని బండిని మార్చి 1 నుంచి రైలుగేటు అవతలి కేంద్రంలో కలిపేస్తారట. అంటే మా రెండో బండి. పగటిపూట దాని మీద ఉన్నది ముగ్గురే. బృంద నాయకుడు పెద్దాయన, డ్రైవర్ బాబాయ్, మా మరిది. నాలుగో ఆయన రిటైరై రెండేళ్ళయింది. ఆయన ఖాళీ నింపమని ఫైలు పంపింది కూడా ఆ సంఘానికే. ఖాళీ నింపనివాళ్ళూ వాళ్ళే, ఖాళీ ఉందని బండి లాక్కునేవాళ్ళూ వాళ్ళే.

ఆ రైలుగేటు రోజులో సగంసేపు మూసే ఉంటుంది. గేటుకి ఇటు మా పక్కన ఇల్లు అంటుకుంటే రైలు వెళ్ళేదాకా ఆగమని నిప్పుకి ఎవరు చెప్పాలి?

ఫిబ్రవరి 16, ఆదివారం

భోజనాల దగ్గర అత్తగారు అడిగారు. "నలుగురెందుకురా? ముగ్గురు సరిపోరూ?"

మరిది మంచినీళ్ళ గ్లాసులు మూడు, ఒక చెంచా బల్ల మీద పెట్టాడు. "ఇదిగో అమ్మా, ఈ గ్లాసు బాబాయ్. బండి నడుపుతాడు, దిగాక పంపు దగ్గర నించుంటాడు, కదలకూడదు. ఈ రెండూ పెద్దాయనా, నేనూ. లోపలికెళ్తాం. ఈ చెంచా తలుపు దగ్గర మనిషి."

"చెంచా ఏం చేస్తుంది?"

"మా బిళ్ళలు పట్టుకుని గడియారం చూస్తుంది."

"అంతేనా! దానికో జీతమా?" అన్నారు అత్తగారు. ఆవిడని ఆర్థిక సంఘంలో వెయ్యొచ్చు.

మరిది నవ్వి, జేబులోంచి తన ఇత్తడి బిళ్ళ తీసి చూపించాడు. లోపలికెళ్ళేముందు దాన్ని తలుపు దగ్గర మనిషికిస్తారు. ఆ మనిషి పలక మీది కొక్కేనికి తగిలించి టైము రాస్తాడు. వీపు మీది సిలిండర్లో గాలి ఇరవై నిమిషాలు. పదిహేనో నిమిషంలో పేరు పెట్టి పిలవాలి. "పొగలో టైము తెలీదమ్మా. రెండు నిమిషాలైందనుకుంటాం, పన్నెండు అయిపోతుంది. అందుకే బయట ఒకడు. వాడు పిలిస్తే మేం 'వచ్చేశా' అనాలి, రావాలి. బిళ్ళ ఎవరికి వాళ్ళు తీసుకోకూడదు. తలుపు దగ్గర మనిషి చేత్తో ఇస్తేనే మనం బయటికొచ్చినట్టు లెక్క."

"ముగ్గురే ఉంటేనో?" అన్నారు మా ఆయన.

"ఎవరం లోపలికి పోం. బయట్నించి నీళ్ళు కొడతాం. రూలు."

"బంగారంలాంటి రూలు" అన్నారు అత్తగారు, చెంచా తీసి పప్పులో వేస్తూ. "దాన్ని మాత్రం మార్చకండి."

ఫిబ్రవరి 24

నిబంధనల పుస్తకం మూడుసార్లు చదివాను. "బండికి శాఖ ఉద్యోగులు నలుగురు" అని ఉంది. ఎలాంటి ఉద్యోగులో లేదు. నేను శాఖ ఉద్యోగినే. ఎం.ఏ. తర్కశాస్త్రంలో నాకు బంగారు పతకం వచ్చింది. ఇరవై రెండేళ్ళ తర్వాత అది మొదటిసారి పనికొచ్చింది.

డ్యూటీ పట్టికలో రెండో బండి, పగలు, నాలుగో గడిలో నా పేరు రాశాను.

కాగితం మీదే. ఖాళీ నింపేదాకా. బండి కోసం.

ఫిబ్రవరి 25

పట్టిక కింద నోటీసు బోర్డుకి అంటించగానే డ్రైవర్ బాబాయ్ పైకి వచ్చాడు. చేతిలో రెండు బూట్లు.

"స్టోర్లో ఉన్నవాటిలో చిన్నవి ఇవే మేడమ్. పదో నంబరు. మీ రెండు కాళ్ళూ ఒక దాంట్లోనే పెట్టేస్తే ఇంకోటి స్పేరు ఉంటుంది."

"బాబాయ్, నేను నిజంగా ఎక్కను. ఊరికే పట్టిక కోసం."

"ఊరికేనే లెండి. మా కేంద్రంలో ఊరికే ఉన్నవాళ్ళకే బూట్లు దొరుకుతాయి. నావి చిరిగి ఏడాదైంది."

నాలుగో కొక్కేనికి హెల్మెట్, కింద పదో నంబరు బూట్లు పెట్టించారు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ, ఎవరూ చూడట్లేదని చూసుకుని, హెల్మెట్ పెట్టుకున్నాను. కళ్ళ మీదకి జారింది. అయినా బాగానే ఉంది.

పెద్దాయన ఏమీ అనలేదు. ఆయన రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఏమీ అనకుండా ఉండటం ఆయనకి ముప్పై నాలుగేళ్ళ అనుభవం.

మార్చి 1

బండి మాతోనే ఉంది.

మార్చి 4

మధ్యాహ్నం గంట మోగింది. ఈసారి కిటికీ మూయలేదు. మెట్లు దిగి పరిగెత్తాను. ఒక బూటు తొడుక్కునేసరికి బండి వీధి మలుపు తిరిగింది. షెడ్డు మధ్యలో ఒంటి బూటుతో నించున్నాను.

చెత్తకుప్పట. బయట్నించే ఆర్పేశారు. దానికి తలుపే లేదు, ఇక తలుపు దగ్గర మనిషెందుకు?

మార్చి 7

నాలుగో మనిషి రోజూ పట్టికలో సంతకం పెట్టాలి. రోజూ మర్చిపోతున్నాను. ఇవాళ కూర్చుని నెలాఖరుదాకా సంతకాలన్నీ ఒకేసారి పెట్టేశాను. చెయ్యి లాగింది. ఎంతో పని చేసినట్టనిపించింది.

మార్చి 10

పెద్దాయన పైకి వచ్చారు. నా గదిలోకి ఆయన రావడం ఈ పదకొండేళ్ళలో నాలుగోసారి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడమ్, మేము ముగ్గురమా, నలుగురమా?"

"పట్టికలో నలుగురు కదండీ."

"పట్టిక సంగతి కాదు. రేపు ఇల్లంటుకుంది. లోపల మనుషులున్నారంటారు. ముగ్గురమైతే బయటుండాలి. నలుగురమైతే లోపలికెళ్ళి తీరాలి, వెళ్ళకపోతే నా ఉద్యోగం పోతుంది. నేనేం చెయ్యాలి?"

"సందర్భాన్ని బట్టి…"

"సందర్భం ముందే రాసి ఉండదు మేడమ్. మీరు రాసివ్వండి."

మనసు నొచ్చుకుంది. పదకొండేళ్ళుగా ఒకే కప్పు కింద పనిచేస్తూ, నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా? నలుగురి కోసం నేను పడుతున్న తిప్పలు ఈయనకి కనిపించవా? ముగ్గురని రాసిస్తే ఆ కాగితమే సంఘానికి చేరుతుంది, బండి పోతుంది. టైపు చేసి ఇచ్చాను. "రెండో బండి పగటి బృందమును అన్ని ఆదేశముల నిమిత్తము నలుగురిగా పరిగణించి తదనుగుణముగా వ్యవహరించవలెను."

రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. "చిత్తం" అన్నారు. ఆ మాట కూడా గుచ్చుకుంది.

మార్చి 12

మరిది బండి కడుగుతూ నన్ను చూసి ఆపాడు. "వదినా, ఒక్కటడగనా? నిజంగా నిప్పొస్తే తలుపు దగ్గర ఎవరుంటారు?"

"మీ బిళ్ళలు అప్పుడేం చేస్తారు?"

"బాబాయ్ జేబులో వేస్తాం. ఆయనకి పంపు చూసుకోడానికే రెండు చేతులూ చాలవు. గడియారం ఎక్కడ చూస్తాడు?"

మన ప్రాంతంలో మనిషి లోపలికెళ్ళాల్సిన ప్రమాదం సగటున ఏడాదికి నాలుగే అని చెప్పాను. అంటే మూడు నెలలకొకటి. అందులో పగలు సగం. ఈలోపు ఖాళీ నింపుతారు.

"సరే వదినా" అని మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. అర్థం చేసుకున్నాడు. చదువుకున్నవాడు.

మార్చి 15

పొదుపుగారు స్వయంగా ఫోన్ చేశాడు!

"అమ్మా, ముగ్గురి జీతంతో నలుగుర్ని నడుపుతున్నారట! ఇంతకాలం ఏ మూల దాక్కున్నారు మీరు?"

"సార్, అది తాత్కాలికంగా…"

"తాత్కాలికమేమిటమ్మా! శాశ్వతం చేద్దాం. పదకొండు కేంద్రాలకీ పంపించేశాను. నాలుగో మనిషి పథకం. పేరెలా ఉంది?"

బాగుందన్నాను. ఏమనాలి?

మార్చి 18

మిగతా కేంద్రాల నుంచి పట్టికల నకళ్ళు వచ్చాయి. ఒకచోట నాలుగో మనిషి టైపిస్టు. ఒకచోట తోటమాలి. ఒకచోట నెలలు నిండిన లెక్కల గుమాస్తా, సెలవులో ఉంది. రైలుగేటు అవతల రెండు బళ్ళకీ ఒకే మనిషి, ఒకే వేళకి. ఎవరో ఉత్సాహవంతుడు తన కేంద్రంలో మూడో మనిషిని కూడా ఇలాగే నింపొచ్చునా అని సంఘాన్ని అడిగాడు. "పరిశీలనలో ఉన్నది" అని జవాబు.

మా ఆయనకి చూపించాను. నవ్వుతారనుకున్నాను. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. ఇక్కడ చుట్ట వెలిగించింది ఎవరు?" అన్నారు.

ఆయనకి పరిపాలన తెలీదు. సున్నాని దేంతో గుణించినా సున్నాయే అనుకునే మనిషి.

మార్చి 20

రేపు పదకొండింటికి సంఘం సభామందిరంలో నాకు సత్కారం. పనివేళలో ఎందుకంటే, సాయంత్రమైతే దీపాల ఖర్చట.

ఏం మాట్లాడాలో రాసుకున్నాను. ఖాళీ నింపమని చివర్లో మృదువుగా ఒక మాట. మొదట్లోనే అంటే బాగుండదు.

మార్చి 21

మరిది ఆస్పత్రిలో. బతికే ఉన్నాడు. కాలు.

మార్చి 22

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

నిన్న పదకొండుంబావుకి నన్ను వేదిక మీదకి పిలిచారు. పొదుపుగారు నా చేతికి జ్ఞాపిక ఇచ్చాడు, ఫోటో తీశారు. అట్టతో చేసి బంగారు రంగు వేసిన ఫైరింజన్. అందులో నలుగురు బొమ్మలు కూర్చుని ఉన్నారు. నాలుగో బొమ్మ సరిగ్గా అతుక్కోలేదు, దిగేటప్పటికే ఊడిపోయింది. నా ఉపన్యాసంలో ఖాళీ మాట రాలేదు. టైము లేదన్నారు. ఫోను సంచిలో మోగుతూనే ఉందట.

తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ. నాలుగో కొక్కేనికి నా హెల్మెట్, కింద నా బూట్లు, దుమ్ము కూడా పడకుండా.

తర్వాతది బాబాయ్ చెప్పాడు. పరుపుల గోదాము. పొగ నల్లగా, తారులా ఉందట. కాపలాదారు లోపలే ఉన్నాడని జనం అరిచారు. పెద్దాయన జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకుని, "మనం నలుగురం. పద" అన్నారట మరిదితో. రెండు బిళ్ళలూ బాబాయ్ జేబులో పడ్డాయి. పంపులో జోరు తగ్గితే బాబాయ్ దాని మీద పడ్డాడు. పదిహేనో నిమిషం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్ళిందో ఎవరికీ తెలీదు. ఎవరూ పిలవలేదు.

పెద్దాయన బయటికొచ్చేశారు, మరిది తనకన్నా ముందే వచ్చాడనుకుని. రాలేదు. మళ్ళీ లోపలికి తిరిగారు. ఈలోగా వీడు గాలి అయిపోయి, దారి తెలీక, గోడ తడుముకుంటూ పైఅంతస్తు కిటికీ దొరికితే అందులోంచి దూకాడు. మడమ దగ్గర రెండుచోట్ల విరిగింది. ఊపిరితిత్తుల్లో పొగ. పెద్దాయన కనుబొమ్మలు కాలిపోయాయి.

కాపలాదారు ఎదురు వీధిలో టీ తాగుతున్నాడు. జనం గుమిగూడి ఉంటే ఏమైందో చూద్దామని వచ్చాడట.

పట్టికలో నిన్నటి గడిలో నా సంతకం ఉంది. మార్చి 7నే పెట్టాను.

మార్చి 23

అత్తగారు నాతో మాట్లాడట్లేదు. తిట్టినా బాగుండు. ఆస్పత్రికి డబ్బా సర్దుతూ అందులో చెంచా వేశారు. నా వైపు చూశారు. మళ్ళీ తీసి, కడిగి, తుడిచి, వేశారు.

మార్చి 24

మరిది గొంతు ఇంకా గరగరలాడుతోంది. బాబాయ్ వాడి బిళ్ళ తిరిగిస్తే తీసుకోలేదట.

"రూలు రూలే వదినా. తలుపు దగ్గర మనిషే ఇవ్వాలి. పట్టికలో ఎవరి పేరుంది?" నవ్వబోయి దగ్గాడు. దగ్గి దగ్గి కళ్ళమ్మట నీళ్ళు.

బాబాయ్ వరండాలో ఆ బిళ్ళ నా చేతిలో పెట్టాడు. "నా జేబులో ఉంటే నిద్రపట్టట్లేదు మేడమ్. మీరుంచండి."

నా నిద్ర సంగతి ఎవరూ అడగలేదు.

మార్చి 26

విచారణ ఉందట, ఏప్రిల్ 2న. పెద్దాయన తన వాంగ్మూలం ముందే రాసి నాకు చూపించారు. "పరిపాలనాధికారిణిగారు ఆ సమయమున తలుపు వద్దనే ఉండి, బిళ్ళలు చేతబట్టి, ధైర్యముగా విధి నిర్వహించిరి."

"ఇదేమిటండీ?"

"మీరున్నారు మేడమ్. బాబాయ్ కూడా చూశాడు. పొగలో సరిగ్గా కనపడలేదు గానీ, ఉన్నారు."

బాబాయ్ తలూపాడు. "బూట్లు వదులై కొంచెం తడబడ్డారు కూడా."

నేను లేనని తేలితే ముగ్గురితో లోపలికెళ్ళిన తప్పు పెద్దాయన మీద పడుతుంది. పెన్షన్ ఆగుతుంది. నిబంధన మీరి వెళ్ళాడని మరిదికి వైద్యం ఖర్చు ఇవ్వరు. వాళ్ళిద్దరి కోసం నేను ఒక్క సంతకం పెట్టాలి. ఇప్పటిదాకా పెట్టినవాటికి ఇదొకటి.

మార్చి 27

వాళ్ళ కోసమే.

మార్చి 28

వాళ్ళ కోసమే. ఇందులో నాకొరిగేదేముంది? ఏమీ లేదు. రెండోసారి రాస్తున్నానంటే ఏదో ఉందన్నమాట.

మార్చి 29

విచారణకి కాగితాలు సర్దుతుంటే మార్చి 10 ఫైల్లో నేను టైపు చేసిన ఆదేశం ఆఫీసు నకలు బయటపడింది. "అన్ని ఆదేశముల నిమిత్తము నలుగురిగా పరిగణించి…"

ఈ కాగితం ఉంటే పెద్దాయనకి ఏమీ కాదు. పై అధికారి రాతపూర్వకంగా చెప్పింది చేశాడు. మరిదికి ఏమీ కాదు. ఆదేశం మీద లోపలికెళ్ళాడు, ఖర్చంతా ఇవ్వాల్సిందే. అబద్ధం వాళ్ళిద్దరి కోసమేనని మూడ్రోజులుగా లెక్కేసుకుంటున్నాను. ఆ ఇద్దరూ ఈ కాగితంతో బయటపడిపోయారు. మిగిలింది ఒక్కతే.

తర్కశాస్త్రంలో బంగారు పతకం!

కిందకి వెళ్ళాను. పెద్దాయన గొట్టాలు చుట్టిస్తున్నారు.

"నేను రాసిచ్చిన కాగితం ఎక్కడుందండీ?"

"ఏ కాగితం మేడమ్?"

"మార్చి పదిన. మీరు అడిగి రాయించుకున్నది."

"గుర్తులేదు. వయసైపోయింది కదా." కనుబొమ్మల్లేని మొహంలో ఏ భావమూ తెలియట్లేదు. "మీరు పేరు రాయకపోతే ఫిబ్రవరిలోనే బండి పోయేది. అది మాకూ తెలుసమ్మా" అన్నారు.

ఆ కాగితం అడిగినందుకు ఆ రోజు నేను నొచ్చుకున్నాను. ఇప్పుడు వాడుకోనందుకు ఏం చెయ్యాలో తెలియలేదు. పైకొచ్చి కిటికీ దగ్గర నించున్నాను.

మార్చి 31

చెప్పాలా? చెబితే పథకం ఆగుతుంది, బండీ పోవచ్చు. చెప్పకపోతే బండి ఉంటుంది, పదకొండు కేంద్రాల్లో టైపిస్టులూ తోటమాలులూ తలుపుల దగ్గర ఉన్నట్టే ఉంటారు, లోపలికి వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉంటారు.

మా ఆయన్ని అడిగాను. "లెక్క తప్పని తెలిశాక కొట్టేసి పక్కన మళ్ళీ చేసినవాడికి సగం మార్కులు వేస్తాను. తప్పు మీద తెల్లరంగు పూసేవాడికి వెయ్యను" అన్నారు.

"సగమేనా?"

"ఆలస్యమైందిగా."

ఏప్రిల్ 2

విచారణాధికారి వేరే ఊరి నుంచి వచ్చారు. వేరే గది అద్దె దండగని విచారణ ఆర్థిక సంఘం గదిలోనే పెట్టారు. పొదుపుగారు పక్కన కూర్చున్నాడు, పరిశీలకుడిగా.

అధికారి పెద్దాయన వాంగ్మూలం చదివారు. బాబాయ్‌ది చదివారు. "అంటే పదకొండు ఇరవైకి మీరు గోదాము తలుపు దగ్గర ఉన్నారు. అవునా అమ్మా?"

నేను జవాబు చెప్పేముందు ఎప్పుడూ గోడ వైపు చూస్తాను, అలవాటు. గోడకి ఫోటో ఉంది. కొత్త ఫ్రేము. పొదుపుగారు, నేను, మధ్యలో అట్ట ఫైరింజన్. మా తలల వెనక సభామందిరం గడియారం. పెద్దముల్లు నాలుగు మీద, చిన్నముల్లు పదకొండు దాటి. కింద బంగారు అక్షరాల్లో తేదీ.

అధికారి తప్ప గదిలో అందరూ దాన్ని ఎప్పుడో చూసేశారు. పెద్దాయన నేల చూస్తున్నారు. బాబాయ్ కప్పు చూస్తున్నాడు. పొదుపుగారు కుర్చీ కొంచెం జరిపి ఫోటోకి అడ్డంగా కూర్చోబోయాడు గానీ, ఆయన పొట్టి.

"లేనండీ" అన్నాను. "అక్కడున్నాను." చూపించాను.

అధికారి లేచి, కళ్ళజోడు సర్దుకుని, ఫోటో దగ్గరకి వెళ్ళి గడియారం చూశారు. తర్వాత పొదుపుగారిని చూశారు.

"ఆ గడియారం కొంచెం ముందు నడుస్తుందండీ" అన్నాడు పొదుపుగారు. "బ్యాటరీ పొదుపు కోసం…"

"ఎంత ముందు?"

"గంటన్నర."

మార్చి 10 నకలు బల్ల మీద పెట్టాను. ముగ్గురని తెలిసీ నలుగురని రాసింది నేను, సంతకాలు ముందే పెట్టింది నేను, వెళ్ళమన్నట్టు ఆదేశం ఇచ్చింది నేను, వీళ్ళు పాటించారని చెప్పాను. ఉపన్యాసంలో చెప్పకుండా మిగిలిన ఆ ఒక్క మాట కూడా చెప్పేశాను. మృదువుగా కాదు.

బయటికొచ్చాక పెద్దాయన జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి చూపించారు. మార్చి 10. అంచులు కొంచెం కాలి ఉన్నాయి. "ఇప్పుడు గుర్తొచ్చింది" అన్నారు.

ఏప్రిల్ 11

ఉత్తర్వులు వచ్చాయి.

నా మీద అభియోగపత్రం. రెండేళ్ళు ఇంక్రిమెంటు బంద్. జ్ఞాపిక తిరిగి అప్పగించాలట, ఊడిన బొమ్మతో సహా.

పెద్దాయన మీద చర్య లేదు. మరిది వైద్యానికి పూర్తి ఖర్చు.

నాలుగో మనిషి పథకం "లోతైన అధ్యయనం కోసం" ఆపేశారు. మా రెండో బండికి నిజంగానే నాలుగో మనిషి వచ్చాడు. రైలుగేటు అవతలి కేంద్రం నుంచి తీసి పంపారు. అక్కడిప్పుడు ముగ్గురు.

ఇంకొక తీర్మానం విడిగా వచ్చింది. "ఇకమీదట సత్కార సభలయందు గోడగడియారము కనబడు రీతిని ఛాయాచిత్రములు తీయరాదు."

ఏప్రిల్ 14

రైలుగేటు అవతలి పరిపాలనాధికారి ఫోన్ చేశాడు. "మేడమ్, ఇప్పుడు మా నాలుగో గడిలో ఏం రాయమంటారు?"

"ఖాళీ అని రాయండి. పెద్ద అక్షరాలతో. కింద మీ వాళ్ళకి కనిపించేలా."

"మరి బండి తీసేస్తే?"

సందేహం నాకూ ఉంది. చాలా ఉంది. ఉన్నా సరే రాయమన్నాను. ఇద్దరం కలిసి సంఘానికి ఉత్తరం రాద్దామన్నాను. మూడో వాక్యానికే అతను జంకాడు గానీ, ఫోను పెట్టెయ్యలేదు.

ఏప్రిల్ 16

మరిది ఊతకర్రల మీద కేంద్రానికి వచ్చాడు. పనికి కాదు, చూడటానికి. డ్రైవర్ బాబాయ్ కుర్చీ తెచ్చాడు. "ఏరా, గెంతులు బాగా నేర్చావట! కిందటిసారి నిచ్చెన ఎక్కమంటే కళ్ళు తిరుగుతున్నాయన్నావు!"

"నిచ్చెనైతే దిగాలి కదా బాబాయ్. కిటికీ అయితే ఒక్కసారే."

నేను పైనుంచి దిగి వచ్చాను. సొరుగులోంచి బిళ్ళ తెచ్చాను. ఇరవై మూడు రోజులుగా నా దగ్గరే ఉంది. రోజూ చేత్తో పట్టుకుని పట్టుకుని మెరుగెక్కింది. ఇవ్వబోతే వాడు చెయ్యి చాపలేదు.

"ఇలా కాదు వదినా." ఊతకర్రల మీద మెల్లగా షెడ్డు లోపలికి వెళ్ళాడు, రెండో బండి వెనక చీకట్లోకి. "నువ్వు తలుపు దగ్గర నించో. పేరు పెట్టి పిలవాలి."

పెద్దాయన, బాబాయ్, కొత్తగా వచ్చిన నాలుగో ఆయన ఒక పక్కకి జరిగారు.

పన్నెండేళ్ళయింది నేను ఆ ఇంటికొచ్చి. వాణ్ణి అబ్బాయ్ అనే పిలుస్తాను. పేరుతో ఎప్పుడూ పిలవలేదు. అవసరం రాలేదు, లేదా వచ్చినప్పుడు నేను వేదిక మీద ఉన్నాను.

షెడ్డు తలుపు దగ్గర నించుని, పదిహేనో నిమిషంలో పిలవాల్సిన పేరు ఇరవై ఆరు రోజులు ఆలస్యంగా, గట్టిగా పిలిచాను.

"వచ్చేశా" అన్నాడు లోపల్నించి.